మూడో మెంబరు వాటా

ఒకరి మొహం ఒకరు ఎరగని ముగ్గురిని ఫోనులోనే ఒక జట్టుగా కట్టి, ఆ జట్టును ఒంటిచేత్తో నడిపి, ఆఖర్న ఒక్క మాటతో ఒక కుర్రవాడి డిగ్రీని నిలబెట్టినవాడిని నేను. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం దాకా ఎవరినడిగినా చెబుతారు. ఎవరూ చెప్పకపోతే నేనే చెబుతాను. చెప్పీ చెప్పీ ఆ కథ నా నోట్లో నున్నబడిపోయింది. తీరా రాద్దామని కూర్చుంటే మాత్రం కలం అక్కడక్కడా మొరాయిస్తోంది. ఒంటిచేత్తో నడిపానన్నది సాగదీసిన మాట. ఆ జట్టులో నేనూ ఉన్నాను, అంతవరకు నిజం.

నేను బస్సు కండక్టరుగా రిటైరైన మనిషిని. మోకాళ్ళు అరిగిపోయాయి గాని బుద్ధి ఇంకా ఫుట్‌బోర్డు మీదే వేళ్ళాడుతోంది. ఈ వయసులో దూరవిద్యలో బి.ఏ. ఏమిటని అడిగినవాళ్ళకు "చదువుకు వయసేముంది?" అని చెప్పేవాడిని. విన్నవాళ్ళు మెచ్చుకునేవారు. అసలు సంగతి వేరు. రిటైరయ్యాక మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయి. వంటింటి గడపలో కూర్చుని పులుసులో చింతపండు ఎంత వేయాలో సలహాలిస్తూ ఉంటే, ఒకరోజు మా ఆవిడ గరిటె పక్కన పెట్టి, "నువ్వు యాడికన్నా పోతావా, నన్నే పొమ్మంటావా?" అంది.

యాడికి పోను? యూనివర్సిటీకి పోయాను.

పోయానంటే నిజంగా పోలేదు. ఈ రోజుల్లో యూనివర్సిటీయే ఫోనులోకి వస్తుంది. మొదట్లో పుస్తకాలు, పరీక్షలు. అవి ఎట్లాగో గట్టెక్కాయి. ఆఖరి ఏడాదిలో ఒక మెలిక పెట్టారు. వేరువేరు ఊళ్ళవాళ్ళను ముగ్గురేసి జట్టుగా కలిపి ఒక ప్రాజెక్టు చేయమన్నారు. కలుసుకోనక్కర్లేదు. మాటలన్నీ ఫోనులోనే. ముగ్గురూ ఎవరి చోటు నుంచి వాళ్ళు రాయగలిగే పేజీ ఒకటి ఇంటర్నెట్‌లో తెరిచి ఇచ్చారు. ఇప్పటి ఉద్యోగాలన్నీ ఇట్లాగే ఉన్నాయని, దూరంగా ఉన్నవాళ్ళతో కలిసి పని చేయడం నేర్చుకోవడానికే ఈ పేపరని మేడమ్ మొదటి క్లాసులో చెప్పింది. నాకు నవ్వొచ్చింది. డ్రైవరు వీపే తప్ప మొహం చూడకుండా, గంట తాడు లాగి అతనితో మాట్లాడుతూ ఉద్యోగమంతా వెళ్ళదీసినవాడికా ఈ పాఠం!

మా జట్టులో నేను కాక ఇద్దరు. ఒకామె ఉండేది బిట్రగుంట రైల్వే కాలనీలో. కావలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని, రోజూ రైల్లో రాకపోకలు. ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఆమే మా లీడరు. ఇంకొకడు దొరవారిసత్రం దగ్గర ఒక పల్లెలో వరి పండించుకునే కుర్రవాడు. మేం ఎంచుకున్న విషయం తాగునీళ్ళు. మూడు చోట్లా జనం తాగే నీళ్ళు ఎక్కడివి, ఎవరు మోసుకొస్తారు, ఎండాకాలం ఏం చేస్తారు, ఇదీ రాయాలి.

మొదటి రోజే ఆ కుర్రవాడు దాపరికం లేకుండా చెప్పాడు.

"అక్కా, తాతా, ముందే చెప్తుండా. ఈ పేపరు నాకు ఒకసారి పోయింది. కోతలప్పుడు మీటింగులకు రాలేదని ఆ జట్టోళ్ళు నా పేరు తీసేసినారు. ఈసారి కూడా పోతే గడువు దాటిపోతుంది, మొత్తం డిగ్రీ మళ్ళీ మొదటినుంచి కట్టాల. నేనింక కట్టను. మడికాడే ఉండిపోతా."

"ఎట్టా పోతుందబ్బయా, నేనుండానుగా!" అన్నాను. అప్పటికి నాకు మీటింగులో మైకు ఎక్కడ నొక్కాలో కూడా తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా మీటింగు. ఆమెకు వారంలో ఆ పూట తప్ప తెరిపి లేదు. కుర్రవాడు పొద్దుటినుంచి మడిలో వంగి వంగి, అన్నం తిని నడుం వాల్చే వేళ అది. నాకు రోజంతా తెరిపే గాని, మూడయ్యేసరికి ప్రాణం నిద్రకు కొట్టుకుంటుంది. ఆవలింతతో మొదలై ఆవలింతతో ముగిసే సభ.

మా ఊళ్ళో సిగ్నలు తుఫాను షెల్టరు డాబా మీద తప్ప నిలవదు. ఒక్కో మెట్టుకూ మోకాలు ఒక మాట అనేది, నేను రెండనేవాడిని. పైన నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుంటే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే గాలి చక్రాల చప్పుడు. మీటింగులోకి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది నేనే. ఇందులో సాగదీత లేదు. మెట్లెక్కిన ఆయాసం తీరడానికి కొంత సమయం కావాలి గదా, అందుకని ముందే ఎక్కేవాడిని.

డేటా మిగులుతుందని వీడియోలు ఆపేసుకునేవాళ్ళం. తెర మీద మూడు గుండ్రాలు, గుండ్రానికొక అక్షరం, అంతే మా మొహాలు. ముగ్గురం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, ఒకేసారి ఆగేవాళ్ళం.

"చెప్పండి పెద్దాయనా."

"నువ్వు చెప్పమ్మా."

"అక్కా, నేను..."

"చెప్పబ్బయా."

ఆ తర్వాత ముగ్గురమూ మౌనం. బస్సులో తోపులాటలు ఎన్నో చూశాను గాని, ఇట్లా మర్యాదల్లో ఇరుక్కుపోవడం ఎప్పుడూ చూడలేదు.

"ఒక పద్ధతి పెడదాం," అన్నాను. "చెప్పేది అయిపోంగానే రైట్ అనండి. అప్పుడే ఇంకొకరు మొదలుపెట్టాల."

"ఇదేమన్నా కావలి బస్సా?" అంది ఆమె.

పై వారానికి ముగ్గురమూ రైట్, రైట్ అంటున్నాం. యూనివర్సిటీ చదువుకు నేను చేసిన సేవ ఏదైనా ఉంటే అదొక్కటే. కాదు, ఇంకొకటి కూడా ఉంది. రోజూ పొద్దున్నే గ్రూపులో ఒక పువ్వు బొమ్మ, దాని కింద ఒక మంచి మాట పంపేవాడిని. జట్టుకు ఉత్సాహం ఉండాలి గదా. వాటి వెనకే పొడుగాటి వాయిస్ మెసేజీలు కూడా.

కొన్నాళ్ళు గడిచేసరికి, మొహాలు తెలియకపోయినా ఒకరి అలసట ఒకరికి తెలిసిపోయింది. ఆమె నమస్కారం చెప్పే తీరులోనే ఆ వారం ఆసుపత్రిలో ఎంత నలిగిందో వినబడేది. కుర్రవాడు పదేపదే గొంతు సవరించుకుంటే మడికి మందు కొట్టి వచ్చాడని అర్థం. నా ఆయాసం వాళ్ళిద్దరికీ తెలుసు. "తాతా, మెట్లు దిగేటప్పుడు చూసుకోని దిగు," అని వాడు ప్రతి వారం చెప్పేవాడు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మనిషి మొహానికి ఏదో ఒక నవ్వు పూసుకుంటాడు. గొంతుకు పూసుకోవడానికి ఏమీ దొరకదు.

ఆ పేజీలో రాసే పని ఎక్కువగా ఆమెదే. కుర్రవాడు తన భాగం తానే రాసేవాడు. నా ఫోనులో ఆ పేజీ తెరుచుకోవడానికే ఒక యుగం పట్టేది, తెరుచుకున్నా అక్షరాలు చీమల్లా పాకేవి. ఒకసారి వేలు ఎక్కడో తగిలి, ఆమె రాసినదంతా నా కళ్ళముందే మాయమైపోయింది. ఆమె ఎట్లాగో వెనక్కి రప్పించింది. రప్పించాక, "పెద్దాయనా, మీరింక దాని మీద చెయ్యి పెట్టబాకండి. మీ ఊరి సంగతులు నోటితో చెప్పండి, నేను రాసుకుంటా," అంది. ఆ రోజునుంచి నేను ఆ పేజీ గడప తొక్కలేదు. మా బావులు ఎట్లా ఉప్పగిల్లాయో, నీళ్ళ బండి ఏ పూట వస్తుందో, అది రాని రోజు ఆడవాళ్ళు ఎవరిని తిడతారో, అన్నీ నోటితోనే చెప్పాను. తిట్లు మాత్రం ఆమె రాసుకోలేదు.

ఒక ఆదివారం కింద ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. పడవ మీద వలను లోపలికి తీసుకుపోయి అర్ధచంద్రంగా వదిలి, దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డుకు తెస్తారు. ఇటొక గుంపు, దూరంగా అటొక గుంపు నిలబడి లాగుతారు. అలల హోరులో అటువాళ్ళ మాట ఇటువాళ్ళకు వినబడదు. మధ్యలో ఒకడు తుండుగుడ్డ ఊపుతూ, ఎటువైపు వదులు చేయాలో ఎటు బిగించాలో చూపిస్తాడు. మావాళ్ళంతా తరతరాలుగా ఆ తాడు లాగినవాళ్ళే. నేనే టిక్కెట్లు చించుకోవడానికి పోయాను.

"మన యూనివర్సిటీ వచ్చి ఈడ చూడాల," అని ఫోనులో మొదలుపెట్టాను. "మాట వినబడకుండా కలిసి పని చేయడమంటే ఇది. ఇంకో సంగతి, మా ఊళ్ళో తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ వాటా. లాగలేని ముసిలాళ్ళు కూడా వచ్చి గుంపు చివర్న తాడు పట్టుకోని నిలబడతారు. వాళ్ళకీ కూరకు చేపలిస్తారు. నువ్వెంత లాగినావని ఎవరూ అడగరు. అడిగితే తప్పు. రైట్."



"బాగానే ఉంది పెద్దాయనా," అంది ఆమె. "మన తాడు మీద మీ చెయ్యి యాడుందో అది కూడా చెప్పండి. రైట్."

కుర్రవాడు పకపకా నవ్వాడు. వాడి నవ్వు నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాతే వాడు రావడం మానేశాడు. కోతలయ్యే వేళకు అదను కాని వాన పడింది. మా వైపు కూడా పడింది గాని మాకు పోయేదేముంది, వాళ్ళకైతే కుప్పల మీద ఉన్న వడ్లు తడిసిపోయాయి. వాడి గుండ్రం తెర మీదకు రాలేదు. ఆ వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. పంపినవి చూసినట్టు నీలం గీతలు పడేవి, జవాబు మాత్రం లేదు. గ్రూపులో నా పువ్వులొక్కటే పూస్తున్నాయి.

ఇద్దరమే మిగిలిన ఒక ఆదివారం ఆమె గొంతు పూర్తిగా అరిగిపోయి ఉంది.

"నా వల్ల కాదు పెద్దాయనా. ఆడ డ్యూటీ, ఈడ ఇంటి పని, మీ ఊరి సంగతులు నేనే రాయాల, మా ఊరిది నేనే రాయాల. ఇప్పుడు ఆ అబ్బయ్యది కూడా నేనే రాయాల్నా? మేడమ్ అడిగితే ఉన్నదే చెప్తా. నేను అబద్ధం చెప్పను."

"అమ్మా, వాడికి ఇది ఆఖరిసారి. తాడు పట్టిన ప్రతివాడికీ..."

"పట్టుకోనుండే వాళ్ళకి వాటా. వదిలేసి పోయినోడికి కాదుగా? మీ ఊళ్ళో కూడా ఇవ్వరుగా?"

ఇవ్వరు. ఆ మాట పైకి అనలేక, సిగ్నలు సరిగా లేదని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇక్కడ నేను ఊళ్ళో చెప్పుకునే ఘట్టం ఒకటుంది. మండే ఎండలో దొరవారిసత్రం వెళ్ళి, అక్కడినుంచి పొలం గట్ల మీద నడిచి, కుర్రవాడిని పట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చానని చెబుతూ ఉంటాను. బయలుదేరిన మాట నిజం. నెల్లూరు బస్టాండు దాకా పోయిన మాటా నిజం. అక్కడ సూళ్ళూరుపేట బస్సు కోసం నిలబడితే కళ్ళు తిరిగాయి. ఒకప్పుడు ఆ బస్టాండులో నా విజిల్ వింటే జనం పరిగెత్తేవాళ్ళు. ఆ రోజు సిమెంటు బెంచీ మీద కూలబడి, ఎవరో పుణ్యాత్ముడు తెచ్చిచ్చిన సోడా తాగి, నేను చెప్పదలుచుకున్న మంచి మాటలన్నీ గ్రూపులో వాయిస్ మెసేజిగా పెట్టి, వచ్చిన బస్సులోనే తిరుగుముఖం పట్టాను. ఇంటికొచ్చి విని చూస్తే అందులో నాకంటే హారన్లే ఎక్కువ మాట్లాడాయి. దానికీ నీలం గీతలే. జవాబు లేదు.

వైవా రోజు వచ్చింది. ముగ్గురినీ మేడమ్ ఒకేసారి తెర మీదకు పిలిచి, ఎవరు ఏ పని చేశారో అడిగి మార్కులు వేస్తుంది. పని దినం, పొద్దున పదకొండు. నేను అలవాటు ప్రకారం అందరికంటే ముందే డాబా ఎక్కాను. మూడు గంటలకు ట్యాంకు నీడ ఎటు పడుతుందో నాకు తెలుసు గాని, పదకొండుకు అది ఇంకో పక్కన పడుతుందని తట్టలేదు. ఎండలో ఫోను కాలిన పెనంలా వేడెక్కి ఆగిపోయింది. మెట్లు దిగాను. ఇంట్లో తడిగుడ్డలో చుట్టి చల్లార్చాను. "జొరమొచ్చిందా దానికి?" అంది మా ఆవిడ. మళ్ళీ మెట్లెక్కాను. ఒక మెట్టు దగ్గర, ఈ డిగ్రీ నాకెందుకు, ఇక్కడే కూర్చుండిపోదామా అనిపించింది. ఎక్కింది నా కోసం కాదు. వాడి తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు?

నేను మీటింగులోకి చేరేసరికి మేడమ్ మాట్లాడుతోంది.

"...మీరు చెప్పేది అర్థమైంది. కానీ ఈ మూడో మెంబరుకు మార్కులు ఎలా వేయమంటారు? పేజీలో పని కనబడాలి కదా."

మూడో మెంబరు ఎవరని నేను అడగలేదు. పెద్దవాడిని నేను ఒకటి, ఆమె రెండు, కుర్రవాడు మూడు. తెర మీద వాడి గుండ్రం ఉంది, మాట లేదు. తల వంచుకుని ఉన్నాడనుకున్నాను. వీడియో లేదు గదా, ఆ వంచిన తల నా ఊహే.

"మేడమ్, ఒక్క నిమిషం," అన్నాను. ఆయాసం తీరలేదు, అయినా ఆగలేదు. "మాది సముద్రం పక్క ఊరు. మా ఊళ్ళో వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ వాటా ఇస్తారు. ఎంత లాగినాడని చూడరు. ఒక్కోసారి మనిషికి కష్టాలుంటాయి, ఒంట్లో శక్తి ఉండదు, లాగలేడు. అయినా వాడు మా గుంపులోవాడే. ఆ మూడో మనిషిని తీసేస్తే మా ఇద్దరికీ వచ్చే మార్కులు మాకొద్దు. రైట్."

కుర్రవాడి గుండ్రంలోంచి చిన్న చప్పుడొచ్చింది. పాపం, ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను.

"సరేనండీ," అంది మేడమ్ చివరకు. "మీరే ఇంతగా చెప్పాక నేనేం అంటాను?"

ముగ్గురమూ పాసయ్యాం. వాడికి డిగ్రీ వచ్చింది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు కూడా మెచ్చుకున్నట్టు అనిపించింది. అప్పటినుంచి ఈ కథ టీ బడ్డీ దగ్గర, వలలు బాగుచేసుకునేవాళ్ళ దగ్గర ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ నా ఉపన్యాసం కొంచెం పెరిగేది. మేడమ్ కళ్ళు తుడుచుకోవడం కూడా ఈ మధ్యే అందులో చేరింది.

పోయిన నెలలో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ మా ఊరు వచ్చారు. ఆమె నెల్లూరులో రైలు దిగి, అక్కడికొచ్చిన కుర్రవాడిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. గొంతును బట్టి ఆమెను పొడగరిగా అనుకున్నాను. పొట్టిగా, సన్నగా ఉంది, కళ్ళ కింద నల్లటి వలయాలు. వాడు ఎండకు కమిలి నా ఊహకంటే పెద్దవాడిలా ఉన్నాడు. గుమ్మంలో ముగ్గురం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగాం. మా ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

మాగ చేపల పులుసు పెట్టింది. వాళ్ళు తింటూ ఉంటే నేను ఆగలేకపోయాను. మా ఆవిడకు ఎన్నోసార్లు చెప్పిన కథే మళ్ళీ, ఈసారి సాక్షుల ముందు మొదలుపెట్టాను. మేడమ్ కళ్ళు తుడుచుకునే చోటికి వచ్చాను. కుర్రవాడు విస్తరిలోకి చూస్తూ భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. అది ఏడుపు లాంటి చప్పుడే, ఆ రోజు ఫోనులో విన్నదే.

ఆమె ముల్లు తీసి విస్తరి అంచున పెట్టి, మా ఆవిడ వైపు తిరిగింది.

"అత్తా, ఈయన చెప్పేది నమ్మబాక. ఈ అబ్బయ్య రోడ్డు మీద వడ్లు ఎండబోసుకుంటా, వాళ్ళ ఊరి నీళ్ళ సంగతంతా నాకు వాయిస్ పెట్టినాడు. నేను తిట్టుకున్న పై వారానికే పెట్టినాడు, వాడి పేరు మీదే పేజీలో రాసినా. ఈయనకు చెప్దామంటే సిగ్నలు లేదని పెట్టేస్తాడు. గ్రూపులో ఎందుకు పెట్టలేదంటే, ఈయన పువ్వుల్లో కలిసిపోయి నాకు కనబడదని. వాడికి వచ్చినవి వాడి పనికి వచ్చిన మార్కులే."

"మరి మేడమ్ మూడో మెంబరని..." అన్నాను.

"ఆ లిస్టులో మూడో పేరు మీది పెద్దాయనా. పేజీలో మీరు రాసిన ముక్క ఒక్కటి లేదు, ఈయన చేసిన పనేందని మేడమ్ అడిగింది మీ గురించి. ఆయన ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి కూచుంటాడు, ఆయనకీ వెయ్యండని వాడు బతిమాలతా ఉంటే, అప్పుడు మీరు లోపలికొచ్చినారు. వచ్చి మీ వాటా మీరే అడుక్కున్నారు. అత్తా, ఇంకొంచెం పులుసు పొయ్యి."